పచ్చిక కోయు పాత యంత్రము

మన పల్లెలలో గడ్డి పశువుల నోటి కూడు. దానిని వారము వారము కోసి పారవేయుటకొక యంత్రము, ఆ యంత్రమునకొక చరిత్ర యనిన శ్రోతలలో కొందరు నవ్వవచ్చును. ఉద్యోగార్థము అమెరికాలోని ఒహాయో రాష్ట్రమునకు పోయిన క్రొత్తలో నేనును నవ్వితిని. పిమ్మట పొరుగింటి వృద్ధుడొకడు తన కొట్టమున చిరకాలముగా పడియున్న తోట ట్రాక్టరును నాకప్పగించి, “దీనిని తుక్కువాని పాలు చేయకుము. వసంతమున నేను కుమారుని యొద్దకు పోవుచున్నాను. ఆలోగా ఒక్కమారు నడువగా చూడవలెను” అని కోరెను. ఆ కోరిక తీర్చుటకు నాకు చలికాలమంతయు పట్టినది. ఆ పనిలో నేను తెలిసికొన్న చరిత్రను నేడు మనవి చేసెదను.

పచ్చిక కోయు యంత్రమునకు మూలము పొలమున లేదు. బట్టల మిల్లులో నున్నది. ఇంగ్లండున స్ట్రౌడు ప్రాంతము ఉన్నిబట్టలకు ప్రసిద్ధము. నేసిన బట్టపై లేచిన నూగును సమముగా కత్తిరించుటకు అచ్చట తిరుగుడు కత్తుల యంత్రములుండెడివి. ఎడ్విన్ బడ్డింగ్ అను యంత్రశిల్పి ఆ పద్ధతినే నేలమీది గడ్డికి అన్వయించి 1830లో పేటెంటు పొందెను. అంతకు మున్ను దొరల తోటలలో కూలివారు పొడవు పిడి కొడవళ్లతో, మంచు తడి ఆరకముందే గడ్డి కోయవలసియుండెను. 1832లో ఇప్స్‌విచ్ నగరమునందలి రాన్సమ్ వారు బడ్డింగ్ యంత్రములను చేయుటకు అనుమతి పొందిరి. మనుష్యుడు త్రోసినది, గుఱ్ఱము లాగినది, ఆవిరితో నడచినది, ఇట్లు రూపములు మారి 1902 నాటికి పెట్రోలు ఇంజను వచ్చినది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికా నగరముల వెలుపల కొత్త ఇండ్లు బారులు తీరెను. ఇంటింటికి ముందును వెనుకను పచ్చికయే. పొలము దున్ను ట్రాక్టరు ఈ పనికి పెద్దది. చేత త్రోయు యంత్రము చాలదు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ చిన్న కమతముల కొఱకు 1947లో ఫార్మాల్ కబ్ అను ట్రాక్టరును తెచ్చియుండెను. దాని గేర్ల అమరికనే గ్రహించి, 7 అశ్వశక్తుల కోలర్ ఇంజను కూర్చి, 1961లో కబ్ కెడెట్ అను తోట ట్రాక్టరును వెలువరించెను. నాకు చిక్కినది అదియే.

ఇంజను నన్నంతగా శ్రమపెట్టలేదు. కార్బ్యురేటరులో ఎండి జిగురైన పెట్రోలును కడిగి, మసిపట్టిన విద్యుత్ స్పర్శములను గరుకు కాగితముతో రుద్దినంత నది దగ్గి, పొగ క్రక్కి, మేల్కొన్నది. అసలు కష్టము డెక్కుతో వచ్చినది. డెక్కనగా బోర్లించిన మూకుడు వంటి ఉక్కు కప్పు. దానిక్రింద నిలువు ఇరుసుల కొసల కత్తులు గిరగిర తిరుగును. స్పార్కు ప్లగ్గు తీగను ఊడదీసిన పిదపనే ఆ కత్తుల చెంత చేయిపెట్టవలెను.

డెక్కును వెల్లకిల త్రిప్పి చూచితిని. పైన రంగు మూడు పూతలు నిగనిగలాడుచుండెను. క్రింద ఏండ్ల తరబడి అంటిన గడ్డి పిడకవలె బిగిసియుండెను. దానిని గోకివేయగా ఉక్కు అట్టవలె పలుచనై, ఉలి మొన తాకినచోట చిల్లిపడెను. తడిగడ్డి చెమ్మను విడువదు. చెమ్మ ఉక్కును విడువదు. కోత ముగిసినప్పుడెల్ల పావుగంట గోకియుండినచో ఈ చేటు రాకపోవును. మూడు పూతల శ్రమయు కనబడు వైపునకే చెల్లినది. చెడినంత మేర కోసివేసి, క్రొత్త రేకు అతికించితిని.

ఇరుసుల బేరింగులు గరగరలాడుచుండెను. క్రొత్తవి దొరకవని బెంగపడితిని. కాని పాతదాని అంచున చెక్కిన సంఖ్యను చూపగా అంగడివాడు మాఱుమాటాడక అట్టిదే తెచ్చియిచ్చెను. యంత్రము పాతబడినను, దాని కొలత లోకమునకు ఉమ్మడిది. ఎప్పుడో ఎవరో దీనిని విప్పి బాగుచేయుదురని తలచియే ఆ కాలపువారు బోల్టులు బిగించిరి.

తుదకు రంగు వేయబూనితిని. పాదము మోపు పలక యొకచోట రంగు పోయి, నున్నగా అరిగి, అద్దమువలె మెరయుచుండెను. అది వృద్ధుని ఎడమకాలి చోటు. దానిపై కుంచె ఆడలేదు, అట్లే విడిచితిని.

ఆయన ప్రయాణమునకు రెండు దినములు ముందు ట్రాక్టరును ఆయన వాకిట నిలిపితిని. నా మెరుగులను ఆయన చూడనేలేదు. ఎక్కి కూర్చుండెను, కాలు తనంత తానే ఆ అరిగినచోటికి పోయెను. ఇంటిముందరి పచ్చికను ఒక్క చాలు కోసి, ఇంజను ఆపి, “డెక్కు క్రింద గోకుము” అని మాత్రము చెప్పి దిగెను.

నేటికిని గోకుచున్నాను.