1938 మద్రాసు వ్యవసాయదారుల రుణోపశమన చట్టం: రాజ్యం మాఫీ చేసినది, మినహాయించుకొన్నది

1929 అనంతర ఆర్థికమాంద్యంలో మద్రాసు రాజధాని రైతును ముంచినది పంట నష్టం కాదు, ధరల పతనం. ధాన్యం ధర కొద్ది సంవత్సరాలలోనే దాదాపు సగానికి పడిపోయింది. శిస్తు, ప్రామిసరీ నోటు మీది అసలు, వడ్డీ మాత్రం రూపాయల లెక్కలో కదలక నిలిచాయి. పది బస్తాలమ్మి తీర్చదగిన బాకీకి ఇరవై బస్తాలు కావలసి వచ్చింది. రూపాయి మారకపు విలువను 1927లో 18 పెన్నీలుగా స్థిరీకరించినది కేంద్రప్రభుత్వం. కనుక 1937లో ఏర్పడిన రాజగోపాలాచారి మంత్రివర్గానికి ద్రవ్యవిధానంపై పట్టు లేదు. దానికి అందుబాటులో ఉన్నది రుణపత్రమే.

1938 మార్చిలో అమలులోకి వచ్చిన చట్టం దానిపైనే చేయి వేసింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీ యావత్తూ రద్దయింది. అసలుకు రెట్టింపు సొమ్ము అప్పటికే చెల్లించి ఉంటే రుణమే తీరిపోయినట్లు. తరువాతి అప్పులకు 5 శాతం సాధారణ వడ్డీ. ఈ రెట్టింపు లెక్కను ధర్మశాస్త్రాల ద్వైగుణ్య నియమానికి పునరుద్ధరణగా భావించడం సహజమే గాని, అది పూర్తిగా సరికాదు. మనుస్మృతి నియమం ఒకేసారి రాబట్టే వడ్డీకి హద్దు గీసింది. 1938 చట్టం ఏళ్ల తరబడి చెల్లించిన ప్రతి రూపాయినీ లెక్కలోకి తెచ్చింది. పాత మాటను మించిన కొత్త సాహసమిది.

అయితే నాలుగవ సెక్షన్‌ను విస్మరించరాదు. ప్రభుత్వానికి రావలసిన శిస్తు, పన్నులు, ప్రభుత్వమిచ్చిన రుణాలు చట్టపరిధిలోకి రావు. షావుకారు వడ్డీ వదులుకోవాలి. సర్కారు తన బాకీ వదులుకోనక్కరలేదు. కృష్ణా, గోదావరి డెల్టాలలో రీసెటిల్మెంటు శిస్తు పెంపుపై ఎన్.జి. రంగా ప్రభృతులు నడిపిన ఆందోళన దృష్ట్యా ఈ మినహాయింపు చిన్నది కాదు. అదే సెక్షన్‌లో వేరే ఆస్తి లేని స్త్రీకి రావలసిన, 3,000 రూపాయలకు మించని అప్పులకూ రక్షణ ఉంది. భర్త పోయాక చేతిలోని కొద్ది సొమ్మును వడ్డీకి తిప్పుకొని బ్రతికే స్త్రీని శాసనకర్తలు మరువలేదన్నమాట.

‘వ్యవసాయదారుడు’ అన్న నిర్వచనానికి భూమిపై హక్కే ఆధారం. సెంటు నేల లేని కూలీ, షావుకారుకు ఎంత బాకీపడినా, ఆ నిర్వచనంలోకి రాలేదు. మంత్రివర్గం 1939 అక్టోబరులో రాజీనామా చేసింది. చట్టం నిలిచి, 1948లో సవరణ పొంది, 1953 తరువాత ఆంధ్రరాష్ట్రంలోనూ కొనసాగింది.