ఢిల్లీ నగరపు పరిశ్రమలు, వాణిజ్యము

ఎఱ్ఱకోటను చూడవచ్చిన తెలుగువారు దివాన్-ఇ-ఆమ్ స్తంభములను చూచి మఱలిపోవుదురు. ఔరంగజేబు కాలమున ఒక ఉత్సవమునందు ఆ మండపము ముంగిట నెత్తిన మహాపటకుటీరమునకు లోపలి అస్తరు మన మచిలీపట్టణపు అద్దకపు వస్త్రమే. ఆ పూవులు, రంగులు నిజమైన తోటను తలపించెనని ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ వ్రాసియున్నాడు.

1663లో వ్రాసిన లేఖయందు ఆయన ఢిల్లీని పారిస్ నగరముతో పోల్చి చూచెను. కోటలోని కార్ఖానాలలో కుట్టుపనివారు, కంసాలులు, చిత్రకారులు, లక్కపనివారు, పట్టు జరీ నేతగాండ్రు వేర్వేరు శాలలలో ఉదయమునుండి సాయంకాలము వఱకు పనిచేయుచుండిరి. బజారులోని పనివాని గతి వేఱు. ప్రభువులు సరకు తీసికొని తమకు తోచిన వెల యిచ్చుచుండిరి. ఎక్కువ అడిగినవానికి కొరడా సిద్ధము. పాదుషాయు ఉమ్రావులును జీతమిచ్చి పోషింపకున్న ఈ కళలు ఏనాడో నశించియుండునని బెర్నియర్ అభిప్రాయము. విదేశీయుని మాటను కొంత తగ్గించి చదువుకొనవలసినదే గాని, ఇందు సత్యము లేకపోలేదు. 1857 తిరుగుబాటును అణచిన పిమ్మట ఆంగ్లేయులు నగరవాసులను వెడలగొట్టిరి. దర్బారు పోయెను; దానిని నమ్ముకొన్న చేతిపనులును చెదరిపోయెను.

1867లో యమునపై నిర్మించిన ఇనుపవంతెన మీదుగా రైలు నగరము ప్రవేశించెను. ఢిల్లీ మరల వర్తకపు కూడలి యయ్యెను. 1889లో ఢిల్లీ క్లాత్ మిల్స్, 1920లో బిర్లా మిల్లు వెలసెను. ప్రభువు దయతో నిమిత్తము లేక బ్రతుకగల పరిశ్రమ నగరమున వేళ్లూనుట అప్పటినుండియే. 1947 విభజనతో దాదాపు 5 లక్షల కాందిశీకులు వచ్చి చేరిరి. చేత పెట్టుబడి లేకున్నను వారికి పని తెలియును, వర్తకము తెలియును. వీథి ప్రక్కన తట్ట దించినవారే క్రమముగా అంగళ్లు పెట్టిరి.

బట్టమిల్లుల ఆయువు మాత్రము నూఱేండ్లు దాటలేదు. ఢిల్లీ క్లాత్ మిల్స్ వారి పాతమిల్లు 1989లో మూతపడెను. 1996 జూలై 8న సుప్రీంకోర్టు 168 పరిశ్రమలను ప్రమాదకరములుగా ఎంచి నగరమున నడుపరాదని ఆజ్ఞాపించెను. బిర్లా మిల్లు అందులోనిదే. ఊపిరాడని నగరమున ఆ తీర్పును తప్పుపట్టుట కష్టము. కాని యంత్రములను విప్పి లారీలకెక్కించినంత సులభముగా, బిడ్డలను బడిలో వేసి స్థిరపడిన కార్మికుడు తరలిపోగలడా? వేలకొలది కుటుంబములకు ఇదే సమస్య యయ్యెను.

వర్తకము సంగతి వేఱు. చాందినీచౌకు పడమటి కొసనున్న ఖారీబావలీలో దినుసుల వ్యాపారము నేటికిని సాగుచున్నది. అచట గుంటూరు మిరపకాయల ఘాటుకు దారిని పోవువారు తుమ్ముచునే యుందురు.