పరిచర్యలో పెద్దరికము

రోగి శయ్యచెంత నిలిచి సేవచేయు నర్సును లోకము వేయినోళ్ల కొనియాడినది. ఆమెపై అధికారము నెరపు మేట్రను ధర్మమును గూర్చి విచారించినవారు మాత్రము అరుదు. ఆ కొలదిమందిలో ఫ్లోరెన్సు నైటింగేలు అగ్రగణ్యురాలు. క్రిమియా యుద్ధకాలమున, 1854 నవంబరులో, 38 మంది పరిచారికలతో స్కుటారి సైనిక వైద్యాలయమును జేరిన ఆ విదుషీమణిని జనులు చేతిదీపముతోనే తలంచుచున్నారు గాని, 1859లో తాను ప్రకటించిన పరిచర్యాగ్రంథమున నిర్వహణమును గూర్చి యొక ప్రకరణమే వ్రాసి, తా నున్నప్పుడు జరుగు పని తాను లేనప్పుడును జరుగునట్లు ఏర్పరచుటయే పెద్దదిక్కుగా నుండువారి ప్రథమ కర్తవ్యమని ఆమె బోధించిన సంగతి అంతగా ఎవ్వరును స్మరింపరు.

1860లో లండను సెయింట్ థామస్ ఆసుపత్రియందు ఆమె పేర శిక్షణాలయము వెలసినది. అచట ప్రతి విద్యార్థినికిని నెలనెలా ఒక పట్టిక యుండెడిది. వేళతప్పకుండుట, నెమ్మదితనము, నమ్మదగినతనము, పరిశుభ్రత, వార్డును చక్కబెట్టుట, ఇట్లు గుణమునకొక గడి. అందు ఉత్తమము మొదలు శూన్యము వరకు తగిన తరగతిని గుర్తింపవలెను. విద్యార్థినిని ఇంత సూక్ష్మముగ తూచిన ఆ పట్టికలో మేట్రను నడవడి నరయుటకు గడి లేదు. 1872 ప్రాంతమున శిక్షణలోని లోపములు తెలియరాగా, నైటింగేలు విద్యార్థినులను ఒక్కొక్కరిని తన యింటికి పిలిపించుకొని, తేనీరిచ్చి, వారి కష్టసుఖములను వారి నోటనే వినసాగెను. లేని గడిని ఆమె ఆ విధముగ పూరించెనని నా తలంపు.

తరువాతి తరమువారు ఈ వినుటను మఱచి, విధేయతనే పట్టుకొనిరి. 1893లో అమెరికాయందు డెట్రాయిటులో రూపొందిన నైటింగేలు ప్రతిజ్ఞ వైద్యునికి విశ్వాసముతో తోడ్పడుమని నర్సుకు చెప్పినది. అంతర్జాతీయ నర్సుల సమితి 1953లో అంగీకరించిన నీతినియమావళియందును ఆ స్వరమే వినవచ్చును. పరిచర్య కోరు ప్రజల యెడలనే నర్సుకు మొదటి బాధ్యత కలదని ఆ సమితి స్పష్టముగ పలుకుటకు 1973 వఱకు వేచియుండవలసివచ్చెను.

మన దేశమున ఆరోగ్యస్థితిని పరిశీలించిన 1946 నాటి భోర్ కమిటీ లెక్కప్రకారము నర్సులు సుమారు 7,000 మంది, అనగా 43,000 జనమునకు ఒక్కరు. అట్టి స్థితిలో రాత్రివేళ వార్డంతయు ఒంటిచేతిమీద మోయు పిల్ల ముఖమున చిరునవ్వు లేదని నిందించుట న్యాయమేనా? ఆ నింద మోయవలసినవారు ఆమెను ఒంటరిగ విడిచినవారు.

తప్పు నర్సుది కాదు, పని ఏర్పాటుదే యను ఈ సంగతిని ఇసబెల్ మెంజీస్ అను మనస్తత్త్వ పరిశీలకురాలు 1960 ప్రాంతమున లండనులోని ఒక బోధనాసుపత్రిని శోధించి నిరూపించినది. అచట పనిని ముక్కలుముక్కలుగ పంచి, ఏ నర్సును ఏ రోగితోను చనువు పెంచుకొననీయరు. రోగి పేరు పోయి, ఫలానా పడకమీది కాలేయముగ మిగులును. నిద్రమాత్ర నిచ్చుటకై నిద్రించు రోగిని తట్టిలేపుటయు కలదు! దుఃఖము నర్సులను తాకకుండుటకై కట్టిన ఈ కట్టడియే వారిని క్రుంగదీయుటచేత, విద్యార్థినులలో ఇంచుమించు మూడవవంతు శిక్షణ ముగియకముందే వెడలిపోవుచుండిరి. 1969లో మిన్నెసోటా విశ్వవిద్యాలయాసుపత్రియందు ఒక్కొక్క రోగి బాధ్యతను ఒక్కొక్క నర్సుకే అప్పగించు పద్ధతి మొదలిడిరి; మెంజీస్ చూపిన వ్యాధికి ఇది తగిన మందని చెప్పవచ్చును.

అయినను ఇంగ్లండులోని స్టాఫర్డ్ ఆసుపత్రిలో, వ్యయము తగ్గించు తొందరలో సిబ్బందిని కుదించినందున, రోగులు దారుణమైన ఉపేక్షకు గురియైరి. దానిని విచారించిన రాబర్ట్ ఫ్రాన్సిస్ 2013లో 290 సిఫారసులు చేసెను. అందొకటి: వార్డునకు పెద్దయగు సిస్టరును కార్యాలయపు బల్లకు కట్టివేయరాదు, ఆమె రోగులకును సిబ్బందికిని కంటికెదురుగ నుండవలెను, తన వార్డులోని ప్రతి రోగికి ఏ పరిచర్య నిర్ణయింపబడినదో ఆమెకు తెలిసియుండవలెను.