రూమీ టోపీ

2012 ఏప్రిల్‌లో ఉద్యోగపు పనిమీద ఇస్తాంబుల్ వెళ్ళినప్పుడు, తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీ దొరికింది. ఇంటివాళ్ళు ఇచ్చిన జాబితా జేబులో ఉంది. చెల్లెలికి దిష్టిపూసలు, అమ్మకి కుంకుమపువ్వు, పిల్లలకి మిఠాయిలు. నాన్నగారు మాత్రం ఏమీ అడగలేదు. ఆయన ఎప్పుడూ ఏమీ అడగరు. అడగనివాళ్ళకి ఏం కొనాలో తెలుసుకోవడమే కష్టం.

ఆ నగరంలోని పెద్ద బజారు పేరు 'కపలి చార్షి'. కప్పు వేసిన అంగడి అని అర్థం. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ని జయించిన సుల్తాను రెండవ మెహ్మద్, 1455-56 చలికాలంలో దీనికి పునాది వేయించాడు. మొదట కట్టింది వర్తకులు తమ విలువైన సరుకు భద్రపరచుకోవడానికి ఒక రాతి గిడ్డంగి. దాని ఆదాయాన్ని అప్పటికే మసీదుగా మారిన హగియా సోఫియా నిర్వహణకి రాసిచ్చారు. గిడ్డంగి చుట్టూ వీధులు పుట్టాయి, వీధులమీద కప్పులు లేచాయి. 1894 భూకంపంలో కూలి, 1954 అగ్నిప్రమాదంలో కాలి, మళ్ళీ లేచిన ఆ బజారులో ఇప్పుడు 60కి పైగా వీధులు, వేలకొద్దీ దుకాణాలు ఉన్నాయి.

'చార్షి' అన్న మాట మనకి మరీ పరాయిదేమీ కాదు. దాని మూలం పారశీకంలోని 'చార్ సూ', అంటే నాలుగు దిక్కులు. చార్మినార్ పక్కనున్న గుల్జార్ హౌజ్‌కి పూర్వపు పేరు చార్ సూ కా హౌజ్. నాలుగు దారులు కలిసేచోట అంగడి వెలవడం అక్కడా ఇక్కడా ఒకటే. చెల్లెలి కోసం నీలిరంగు గాజుపూసలు బేరం చేస్తుంటే దుకాణదారు వాటిని 'నజర్' అన్నాడు. పాతబస్తీలో పెరిగినవాడికి ఆ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

పడమటి ద్వారం నుంచి తూర్పు ద్వారం దాకా సాగే ముఖ్యవీధి పేరు కల్పక్‌చిలర్. కల్పక్ అంటే బొచ్చుటోపీ. అది టోపీలు కుట్టేవాళ్ళ వీధి అన్నమాట. నేను వెళ్ళేసరికి ఆ వీధినిండా బంగారు నగలే. మరో వీధి పేరు ఫెస్‌చిలర్, ఫెస్ టోపీల వాళ్ళ వీధి. ఎంత వెతికినా అక్కడ ఫెస్ కుట్టేవాడొక్కడూ కనబడలేదు. చివరికి ఒక మూలమలుపులో, అయస్కాంతపు బొమ్మలకీ తాళపుచెవుల గొలుసులకీ మధ్య, దొంతరగా పేర్చిన ఎర్రటోపీలు కనిపించాయి. నల్లటి కుచ్చు, ముందువైపు మెరుపుదారంతో నెలవంక, నక్షత్రం. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. కాగితంలా తేలిపోతోంది.

ఆ టోపీని నేను అంతకుముందు చూశాను. మా ఇంట్లో తాతగారి ఫోటో ఒకటుంది. షేర్వానీ, మెడ దాకా పెట్టిన బొత్తాలు, నెత్తిన ఇదే టోపీ. తాతగారు నిజాం సర్కారులో రెవెన్యూ గుమాస్తా. నా చిన్నతనంలో ఆ ఫోటో గోడమీద ఉండేది కాదు, ట్రంకుపెట్టెలో బట్టల అడుగున ఉండేది. తాత ఈ టోపీ ఎందుకు పెట్టుకున్నాడని అడిగితే, నాయనమ్మ "అప్పట్ల టోపీ లేకుంట కచేరికి పోతే మర్యాద కాదు బిడ్డా" అని పెట్టె మూత వేసేసింది. నాన్నగారు అదీ చెప్పలేదు.

ఈ టోపీ కథ చిత్రమైనది. దాని పేరు మొరాకోలోని ఫెజ్ నగరం నుంచి వచ్చింది. ఒట్టోమన్ సామ్రాజ్యంలో దానికి పట్టం కట్టినవాడు సుల్తాను రెండవ మహ్మూద్. అంతకు ముందు ఎవరు ఏ మతంవాడో, ఏ హోదావాడో నెత్తిమీది తలపాగా చెప్పేది. 1826లో పాత జానిసరీ సైన్యాన్ని నిర్మూలించాక, కొత్త సైన్యానికి ఆయన ఫెస్ తొడిగించాడు. 1829లో ఉద్యోగులందరికీ అదే ధరించమని శాసనం చేశాడు. ముస్లిమైనా, క్రైస్తవుడైనా, యూదుడైనా సర్కారు కొలువులో ఒకే టోపీ. అంచు లేదు కనుక నమాజులో నుదురు నేలకి ఆనడానికి అడ్డు రాదు. తలపాగాకి అలవాటుపడ్డ ఛాందసులు దాన్ని పరాయి వేషమని ఈసడించుకున్నారు. వందేళ్ళు తిరగకముందే, వాళ్ళ వారసులకి అదే మతచిహ్నమైంది.

ఇంత చేసీ ఆ టోపీల్లో చాలాభాగం ఇస్తాంబుల్‌లో తయారయ్యేవి కావు. గోల్డెన్ హార్న్ ఒడ్డున సర్కారువారి ఫెస్ కర్మాగారం ఉన్నా, ఆస్ట్రియా సామ్రాజ్యంలోని బొహీమియా నుంచి, ముఖ్యంగా స్ట్రకొనిత్సె పట్టణం నుంచి, దిగుమతులు వెల్లువెత్తేవి. 1908లో ఆస్ట్రియా బోస్నియాని కలిపేసుకున్నప్పుడు ఒట్టోమన్ ప్రజలు ఆస్ట్రియా సరుకుని బహిష్కరించారు. తమ జాతీయ చిహ్నమే శత్రువు సరుకని అప్పుడు తెలిసివచ్చింది. జనం ఎర్రటోపీలు తీసి పారేశారు. మన స్వదేశీ ఉద్యమం నాటి విదేశీ బట్టల మంటలు గుర్తుకు రాక మానవు.

ఆ తరువాత ముస్తఫా కెమాల్ వచ్చాడు. 1924 మార్చిలో ఖలీఫా పదవిని రద్దు చేశాడు. 1925 ఆగస్టులో కాస్తమోనులో అంచున్న టోపీతో జనం ముందుకొచ్చి, ఇదే నాగరిక వేషం అన్నాడు. అదే ఏడు నవంబరు 25న టోపీ చట్టం వచ్చింది. ఫెస్ నిషిద్ధమైంది. ఎదురుతిరిగిన ఊళ్ళలో ఉరికంబాలు లేచాయి. ఆతిఫ్ హోజా అనే మతపండితుడు పాశ్చాత్యుల టోపీని తప్పుపడుతూ చిన్న పుస్తకం రాశాడు. రాసింది 1924లో, చట్టానికి ముందు. అయినా 1926 ఫిబ్రవరిలో ఆయనని ఉరితీశారు. ఒక శాసనంతో తలకెక్కిన టోపీని ఇంకొక శాసనం దింపింది. మధ్యలో తలలు తెగాయి.

ఆ టర్కీని మనవాళ్ళు 'రూమ్' అనేవారు. తూర్పు రోమను సామ్రాజ్యపు గడ్డ కనుక రూమ్, అక్కడి టోపీ కనుక రూమీ టోపీ. హైదరాబాదు సంస్థానంలో షేర్వానీ, రూమీ టోపీ కొలువు వేషమయ్యాయి. హిందువులైన ఉద్యోగులూ ధరించేవారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నెత్తినా అదే. 1931లో, పదవి పోయి దేశం విడిచిన ఆఖరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రు షెహ్వార్‌ని, ఆ వంశపు మరో రాకుమారి నీలోఫర్‌ని ఫ్రాన్సులోని నీస్ నగరంలో నిజాం కొడుకులిద్దరికీ ఇచ్చి పెళ్ళిచేశారు. ఆ ఏటికి ఇస్తాంబుల్ వీధుల్లో ఆ టోపీ నేరమై ఆరేళ్ళు. హైదరాబాదులో అదింకా మర్యాదే. పుట్టింట గెంటేస్తే వరసైనవాళ్ళ ఇంట తలదాచుకున్నట్టు, 1948 సెప్టెంబరు దాకా అది మన దగ్గర బతికింది.

పోలీసు చర్య తరువాత అది ఇక్కడా చెల్లని కాసైంది. ఏ చట్టమూ రాలేదు. నిన్నటి దాకా మర్యాద అన్నది ఇవాళ ఎవరి పక్షమని అడిగే గుర్తుగా మారింది. కచేరీకి వెళ్ళడానికి టోపీ పెట్టుకున్న గుమాస్తా రజాకార్లకీ బంధువు కాదు, నవాబులకీ బంధువు కాదు. కానీ ఫోటో ఆ సంగతి చెప్పదు. అందుకే అది పెట్టె అడుగుకి చేరింది కాబోలు.

దుకాణదారు చెప్పిన ధరని సగానికి దించి ఆ టోపీ కొన్నాను. అతను నా నెత్తిన పెట్టి అద్దం చూపించబోతే వద్దన్నాను. ఆ అద్దంలో ఎవరు కనబడతారోనని భయం వేసింది. పైగా ఆ రోజుకి టోపీ చట్టాన్ని ఉల్లంఘిస్తే జైలుశిక్ష అన్న నిబంధన పుస్తకంలో ఇంకా ఉంది. 2014లో దాన్ని తొలగించారు. అసలు చట్టం మాత్రం వాళ్ళ రాజ్యాంగంలోని 174వ అధికరణపు రక్షణలో ఉంది. అయినా ఐస్‌క్రీమ్ అమ్మేవాళ్ళు ఆ టోపీతోనే పర్యాటకులని నవ్విస్తున్నారు. ఒకప్పుడు ప్రాణం తీసినది ఇప్పుడు ఫోటోకి పనికొస్తోంది.

అక్కడి నుంచి మహ్ముత్ పాషా వీధి వాలున దిగి మిసిర్ చార్షిసికి వెళ్ళాను. మిసిర్ అంటే ఈజిప్టు. 1660ల నాటి ఆ సుగంధద్రవ్యాల బజారుని ఈజిప్టు నుంచి వచ్చిన పన్నులతో కట్టారట, అద్దెలు పక్కనున్న కొత్త మసీదుకి. కుంకుమపువ్వు అడిగితే, చవకది కావాలా అంటూ పచ్చటి పొడి చూపించి, 'హింద్ కుంకుమపువ్వు' అన్నాడు. పసుపు! నవ్వు ఆపుకుని అసలుదే కొన్నాను.

సాయంత్రం బస దగ్గరికి దివాన్ యోలు మీదుగా నడుస్తుంటే రెండవ మహ్మూద్ సమాధిమందిరం వచ్చింది. చువ్వల కిటికీల్లోంచి శ్మశానవాటిక కనబడుతుంది. పాత ఒట్టోమన్ సమాధిరాళ్ళకి తలపాగాలు చెక్కేవారు, ఆయన తరువాత ఫెస్సులు చెక్కారు. ఆ రాతిటోపీలని తీయమని ఏ చట్టమూ అడగలేదు. సంచీలో నేను కొన్నదానికీ, ఆ రాళ్ళమీద ఉన్నదానికీ మధ్య ఎక్కడో తాతగారిది ఉందనిపించింది.

ఇంటికొచ్చాక పూసలూ కుంకుమపువ్వూ పంచి, టోపీని ఏమీ అనకుండా నాన్నగారి బల్లమీద పెట్టాను. 1948లో ఆయనకి ఎనిమిదేళ్ళు. చాలాసేపు దాన్ని తాకలేదు. తరువాత తీసి, అంచుని బొటనవేలితో నొక్కి చూసి, కుచ్చుని ఒకవైపుకి సర్దారు.

"ఇంత పలచగా ఉండేది కాదు. ఇస్త్రీకి ఇత్తడి అచ్చుమీద బిగించేవాళ్ళు. పొద్దున్నే వెళ్ళి తెచ్చేది నేనే" అన్నారు.

ఆ రాత్రి ఆయన ట్రంకుపెట్టె తెరిచారు.