అక్షయనీవి

బెజవాడలో బెంజి సర్కిలు ఎఱుగని వారుండరు. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రహదారియు, హైదరాబాదునుండి బందరునకు పోవు రహదారియు అచ్చట కలిసికొనుచున్నవి. జర్మను మోటారుబండి పేరు పెట్టుకొన్న యీ కూడలిలో బండ్లకు కొదవ లేదు; కాలినడకను దాటువారికే చోటు కొదవ. 2020లో ఒక వంతెనయు, మఱుసటి సంవత్సరమున దాని ప్రక్కనే రెండవదియు తెఱచిరి. బండ్లు పైకెక్కినవి గాని, చేతికఱ్ఱతో దాటవలసిన ముసలివారి భయము క్రిందనే నిలిచిపోయినది. అట్టి ముసలివా రీ ప్రాంతమున నానాటికి పెరుగుచున్నారు. ఉద్యోగములు విరమించి, పల్లెలోని యిల్లు అమ్మివేసి, బిడ్డలను అమెరికాకు పంపి, ఒక అంతస్తులో రెండు గదులు కొనుక్కొని, మందుల అంగడియు వైద్యశాలయు దగ్గఱగా నున్నవను ధైర్యముతో కాలము గడుపుచున్నారు.

కొన్ని ఏండ్ల క్రిందట ఈ కూడలికి సమీపమున నున్న ఒక భవనములోని పెద్ద లొకరు మమ్ము పిలిపించిరి. ఆయన ఉపాధ్యాయులుగా పనిచేసి విరమించినవారు, మాకు తండ్రివంటివారు. "ఏమోయి మాస్టారూ, లెక్కలు చెప్పెడివాడవు గదా, మా లెక్క యొకమాఱు చూచిపొమ్ము" అనిరి. ఆ భవనమున లిఫ్టు చెడి నెలదాటినది. నాలుగవ అంతస్తులోని ఒక వృద్ధురాలు అన్ని దినములును గుడిమెట్టు తొక్కలేదు. బాగుచేయింపవలెనన్న సొమ్ము లేదు. ఇండ్లు కొన్ననాడు ప్రతివారును కట్టిన మూలనిధి యేమైనదని మేము పుస్తకము తిరుగవేసితిమి. నెలచందాయు, మూలధనమును, వడ్డీయు ఒకే పద్దులో కలిసియున్నవి. చందా చాలని నెలలయందు మూలమునుండి తీసి కావలివాని జీతమిచ్చిరి, మోటారు బాగుచేయించిరి, పండుగకు దీపములు పెట్టించిరి. "దొంగ యెవడో తేలినదా?" అని మేమడుగగా ఆయన నవ్వి, "దొంగ యెవడును లేడోయి. అందఱమును తలకొంచెము తింటిమి" అనిరి.

ఈ చిక్కు క్రొత్తదని చదువరులు తలపవలదు. పదునెనిమిది పందొమ్మిది వందల ఏండ్ల క్రిందటనే దక్షిణాపథమున దీనిని గూర్చి ఆలోచించినవారు కలరు. సంసారము విడిచి ఒకచోట కూడియుండు భిక్షువులకు బట్టలు కావలెను, చిల్లర ఖర్చులు కావలెను, సంపాదన లేదు. నాసిక్ గుహలలో నహపాన క్షత్రపుని అల్లుడగు ఉషవదాతుడు చెక్కించిన శాసన మొకటి కలదు. అతడు గుహను సంఘమునకిచ్చి, దానితోపాటు 3000 కార్షాపణములను అక్షయనీవిగా నిచ్చెను. నీవి యనగా మూలధనము. తఱుగనిది గనుక అక్షయనీవి. అందు 2000 గోవర్ధనమందలి ఒక సాలెవారి శ్రేణియొద్ద నెలకు నూటికి ఒకటి వడ్డీకిని, 1000 మఱియొక సాలెవారి శ్రేణియొద్ద నెలకు నూటికి ముప్పాతిక వడ్డీకిని ఉంచెను. మూలము తిరిగి పుచ్చుకొనరాదు, వడ్డీ మాత్రమే అనుభవింపవలెనని స్పష్టముగా వ్రాయించెను. వర్షాకాలమున గుహలో నివసించు ఇరువది మంది భిక్షువులలో ఒక్కొక్కరికి బట్టలకు 12 కార్షాపణములు. పాఠశాలలో లెక్కలు చెప్పుచున్న మాకు ఇచ్చట కొంత నిలువక తప్పదు. రెండువేలకు నెల కిరువది చొప్పున ఏడాదికి 240. ఇరువది మందికి పండ్రెండేసి యన్నను 240. ఒక్క కార్షాపణము ఎక్కువ లేదు, తక్కువ లేదు. రెండవ శ్రేణినుండి వచ్చు 90 చిల్లర ఖర్చులకు విడిగా ఉంచబడినది. బట్టల పద్దు వేఱు, చిల్లర పద్దు వేఱు! పైగా ఈ దానమంతయు నగరసభలో చాటింపబడి, లేఖనమున నమోదైనదనియు శాసనము చెప్పుచున్నది. పిమ్మట మన కృష్ణాతీరమున ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ శాసనములలో గూడ అక్షయనీవి యను మాట వినవచ్చుచున్నది.

అయినను ఈ పద్ధతిలో ఒక లోపము కలదు. పండ్రెండు కార్షాపణములు ఎల్లకాలమును పండ్రెండే. బట్ట వెల యట్లుండదు. ఉషవదాతునకు ఈ సంగతి తోచినదో లేదో గాని, అదే శాసనమున 8000 కొబ్బరిచెట్లను గూడ ఇచ్చినట్లున్నది. చెట్టు కాయును, కాయ వెల కాలముతోపాటు పెరుగును. కోనసీమవారికి మేము చెప్పవలసినది లేదు.

మన పెద్దలు సత్రములకు సొమ్ముకంటె భూమి నిచ్చుటకు కారణమిదియే యని మా యభిప్రాయము. 1852–55 నడుమ కృష్ణ ఆనకట్ట కట్టిన పిమ్మట ఈ డెల్టాలో భూమి బంగారమైనది. భూమి తఱుగదు గాని, భూమిని చూచువాడు మాఱును. నామమాత్రపు కౌలుకు వంశపారంపర్యముగా అనుభవించువారి చేతులలో ధర్మము చిక్కి, సత్రపు పేరు గోడమీద మాత్రమే మిగిలిన చోట్లు లేకపోలేదు. ప్రభుత్వము పలుమాఱు కలుగజేసికొన్నది. 1817 నాటి చెన్నపురి రెగ్యులేషను దేవాలయములను, సత్రములను రెవిన్యూ బోర్డు కాపుదలలో నుంచినది; 1863 చట్టముతో దేవాలయముల విషయమున ప్రభుత్వము చేయి తీసికొన్నది; పానగల్లు రాజా ప్రధానిగా నున్న కాలమున 1925లో దేవాదాయ చట్టము వచ్చి బోర్డు ఏర్పడినది. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1909లో గతించిరి) ఏ బోర్డును లేకయే తమ యింటి పంటతో వచ్చినవారికెల్ల అన్నము పెట్టిరి. కాని అట్టి తల్లి యూరూర పుట్టదు గనుకనే మనకు లెక్కల పుస్తకములు కావలసివచ్చినవి.

1987లో ఆంధ్రప్రదేశమున రెండు చట్టములు వచ్చినవి. ఒకటి ధర్మాదాయ దేవాదాయములను గూర్చినది. రెండవది అపార్టుమెంట్లను గూర్చినది. ఆ యేడు శాసనకర్తలు పాత సత్రమును, క్రొత్త సత్రమును ఒక్కమాఱే చూచిరని మేము పరిహాసమున కనుచుందుము. తలిదండ్రుల పోషణకై 2007లో కేంద్రము చేసిన చట్టము, జిల్లాకొక్కటియైనను వృద్ధాశ్రమమును, 150 మంది నిరుపేదలకు చోటుండునట్లు నెలకొల్పవచ్చునన్నది. పోషింతునని ఆస్తి వ్రాయించుకొని పోషింపని బిడ్డలనుండి ఆ యాస్తిని మరల పొందుటకును అందు త్రోవ కలదు. విశ్రాంత గృహములను గూర్చి కేంద్రము 2019లో మాదిరి నియమములు వెలువరించినది; అవి రాష్ట్రములు స్వీకరించినగాని కట్టడి కావు. నిరుపేదకు ఆశ్రమము, ధనవంతునకు నౌకరులు. నడుమ పింఛనుతో బ్రతుకు విశ్రాంతోద్యోగికి మాత్రము తన సంఘమే దిక్కు.

ఆ సంఘపు లెక్క ఎట్లుండునో చూతము. అరువది ఇండ్లవారు తలకొక లక్ష వేసిరనుకొందము. అరువది లక్షలకు నూటికి ఏడు వంతున ఏడాదికి 4,20,000, నెలకు 35,000. ఇద్దఱు కావలివాండ్ర జీతమునకు చాలునో చాలదో! మఱి లిఫ్టు, జనరేటరు, నీళ్లమోటారు, సున్నములు? ఉషవదాతునికి వచ్చిన పండ్రెండు వంతులు నేడు ఏ బ్యాంకు ఇచ్చును? వయోవృద్ధుల పొదుపు పథకము 2004లో తొమ్మిది వంతులతో మొదలై, 2020లో 7.4కు దిగి, 2023లో 8.2కు ఎక్కినది. వడ్డీ దిగినప్పుడు చందా పెంపవలెను. అప్పుడే ముసలివారి మధ్య తగవు పుట్టును. "నేను క్రింది అంతస్తువాడను, లిఫ్టుతో నాకేమి పని?" అని ఒకరు, "నా పింఛను పెరిగినదా?" అని మఱియొకరు. చనిపోయినవారి గదికి తాళము, బిడ్డలు పరదేశమున, బాకీ పుస్తకమున. తాళపు బాకీని పింఛనుదారులే మోయుచున్నారు. ఇది న్యాయము కాదు. అమ్మకమునాడు బాకీ యంతయు చెల్లింపనిదే సంఘము సమ్మతి పత్రమీయదని ముందుగనే నియమము వ్రాసికొనుట మేలు. వడ్డీయంతయు తినివేయక కొంత మూలమునకు చేర్చిననే నీవి అక్షయమగును. లేనిచో ధరలే దానిని కొఱికివేయును.

మేమా భవనములో మూడు పద్దులు విడదీసి వచ్చితిమి. లోటు పూడ్చుటకు రెండు సమావేశములు, ఒక పెద్ద తగవు, కొందఱి కన్నీళ్లు పట్టినవి. మొత్తమునకు లిఫ్టు కదలినది. ఇప్పుడు ప్రతినెల మొదటి వారమున లెక్కకాగితము లిఫ్టు తలుపు ప్రక్కన అంటించుచున్నారు. మొన్న పోయినప్పుడు ఆ నాలుగవ అంతస్తు వృద్ధురాలు దాని యెదుట నిలిచి చదువుకొనుచు, "అక్షరము లింకను పెద్దవి చేయుమనుము నాయనా, వడ్డీ అంకె కనబడుటలేదు" అనిరి.