ముక్కోటి అవతారాలు, డార్విన్: భద్రాచలం సాక్ష్యం

దశావతారాలు జీవపరిణామానికి పురాణరూపమన్న మాట మన విద్వాంసులను వదలడం లేదు. 1882లో బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ అన్నదే అటూ ఇటూ తిరిగి 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌కు చేరింది. డార్విన్ సిద్ధాంతం కంటే దశావతారాలే మెరుగని అక్కడ చెప్పినవారు ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి ఆచార్య జి. నాగేశ్వరరావు. శాస్త్రవేత్తలు సైన్సు పేరిట ఖండించారు. భక్తి పేరిట ఖండించినవారు నాకు కనబడలేదు. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

ఆ వాదం అందరికీ తెలిసిందే. జీవం నీటిలో పుట్టింది, తొలి అవతారం చేప. ఆపైన ఉభయచరమని తాబేలు. (తాబేలు సరీసృపమన్న సంగతి అలా ఉంచుదాం.) కాగితం మీద వరుస కుదిరినట్టే ఉంటుంది. భద్రాచలంలో నిలబడి చూస్తే కుదరదు.

అధ్యయనోత్సవాల్లో, ముక్కోటి ఏకాదశికి ముందు వచ్చే పగల్‌పత్తు రోజుల్లో రామయ్యకు రోజుకో అవతారం అలంకరిస్తారు: మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం, వామనుడు, పరశురాముడు, శ్రీరాముడు, బలరాముడు, శ్రీకృష్ణుడు. ఆపైన గోదావరిలో తెప్పోత్సవం, ముక్కోటినాడు తెల్లవారుజామున ఉత్తరద్వార దర్శనం. పండితుల చూపు వరుస మీదే ఆగిపోయింది, చూడాల్సింది మూర్తిని. చేపగా తొడిగినా కృష్ణుడిగా ముస్తాబు చేసినా ఆ ఉత్సవమూర్తి రామయ్యే. అలంకారం మారుతుంది, ఆయన మారడు. పరిణామంలో మారేది జీవజాతే. తరాలు గడిచేకొద్దీ చేప సంతతి చేపగానే మిగలనక్కర్లేదు. పైగా పరశురాముడు పెళ్లి చేసుకుని తిరిగొస్తున్న రాముడికి దారిలో ఎదురుపడినవాడు. బలరామకృష్ణులు అన్నదమ్ములు. వీళ్లలో ఎవరు ఎవరికి పూర్వజాతి? మత్స్యానికి కూర్మం పుట్టలేదు. అక్కడ సంతతి లేదు, వైవిధ్యం లేదు, ప్రకృతి వరణం అసలే లేదు. ఏ అవతారం ముందు నిలబడినా భక్తుడు దండం పెట్టేది రామయ్యకే.

ముక్కోటికి వచ్చే జనంలో కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు గనుల కుటుంబాలూ ఉంటాయి. 1870లలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర గుర్తించిన బొగ్గు పర్మియన్ కాలపు అడవి. గోదావరి బొగ్గు పొరల్లో గ్లోసోప్టెరిస్ అనే ప్రాచీన వృక్షాల ఆకుల అచ్చులు దొరుకుతాయి. వాటి వయసు 25 కోట్ల ఏళ్లకు పైమాటే. గని దిగినవాడు ముక్కోటికి రావడం ఇక్కడెవరికీ వింత కాదు.

గోదావరి ఒడ్డు దాటి కోయగూడేల్లోకి వెళ్తే భక్తికీ సైన్సుకీ ఈ తగవు లేకపోవడమే ఇంకోలా కనిపిస్తుంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ గట్లు, అంటే గోత్రాల గుంపులు, ఉంటాయి. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ములు, వాళ్ల మధ్య పెళ్లి లేదు. వేల్పును కొలవడమంటే ఎవరు ఏ వరసో తెలిసి నడుచుకోవడమే. సృష్టి ఎన్నేళ్ల కిందటిదన్న లెక్క మీద ఆ కొలుపు ఆధారపడదు.  

కాబట్టి తెలుగునేల మీద మతానికీ పరిణామవాదానికీ తగవన్నదే లేదు. సయోధ్య చేస్తామంటూ వచ్చినవాళ్లే దాన్ని తెచ్చిపెట్టారు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామ పాఠాన్ని తీసేసింది. ఆ ఖాళీని నింపాల్సిన ఈ ప్రాంతపు జీవశాస్త్ర ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే: దశావతారాల పటం చూపించి డార్విన్ పాఠం అయిందనిపించకండి. ఈ గోదావరి లోయలోనే యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి.