విదురుడింటి భోజనం నుంచి తోషాఖానా దాకా

కృష్ణపట్నానికి పాత పేరు గండగోపాలపట్టణం. నెల్లూరును ఏలిన తెలుగు చోళుల బిరుదే ‘గండగోపాల’. 2008లో కొత్త హంగులతో తెరుచుకున్న ఈ రేవు అప్పట్లో వాళ్ళ సముద్రద్వారం. ఆ వంశంవాడైన మనుమసిద్ధి దగ్గర మంత్రిగా పనిచేసినవాడు తిక్కన. మనం ఆయన్ని కవిబ్రహ్మగానే తలుచుకుంటాం. కానీ ఆయన రాయబారి కూడా. అక్కన, బయ్యన అనే దాయాదులు మనుమసిద్ధిని గద్దె దింపితే తిక్కన ఓరుగల్లు వెళ్ళాడనీ, కాకతీయ గణపతిదేవుణ్ణి మెప్పించి సేనతో తిరిగొచ్చాడనీ సిద్ధేశ్వరచరిత్ర చెబుతుంది. కత్తి పట్టకుండా రాజ్యం తిరిగి ఇప్పించిన మనిషి మన జిల్లావాడు.

పెళ్ళి సంబంధమైనా పొలం గట్టు తగాదా అయినా ‘రాయబారం పంపారు’ అంటాం. ఆ మాటకు ఇంత వాడుక ఉన్నా, రాయబారులకు రాసిపెట్టిన నియమాల చరిత్ర మాత్రం మనలో చాలామందికి తెలియదు. మొదట కౌటిల్యుణ్ణి చూడాలి. అర్థశాస్త్రం మొదటి అధికరణంలో దూతల కోసమే ఒక అధ్యాయం ఉంది. దూతలు మూడు రకాలు: సొంతంగా నిర్ణయం తీసుకోగల నిసృష్టార్థుడు, గీసిన గిరిలోనే మాట్లాడే పరిమితార్థుడు, లేఖ అందించి వచ్చే శాసనహరుడు. మంత్రికి ఉండాల్సిన గుణాలన్నీ మొదటివాడికి ఉండాలి, రెండోవాడికి పావు వంతు తగ్గినా, మూడోవాడికి సగమే ఉన్నా సరిపోతుంది. ప్రాణం మీదికొచ్చినా చెప్పమన్నది చెప్పినట్టే చెప్పాలి. పరాయి కొలువులో జరిగే మర్యాదలకు ఉబ్బిపోకూడదు. మద్యం ముట్టకూడదు. ఒంటరిగా పడుకోవాలి, ఎందుకంటే నిద్రలో మనసులోని మాట బయటపడుతుంది! ఇంత దగ్గరగా మనిషిని గమనించి రాసిన ఉద్యోగ నియమావళి ఇంకొకటి నేను చూడలేదు.

తిక్కన తెనిగించిన ఉద్యోగపర్వంలో ఈ మూడు రకాలూ కళ్ళముందు నడుస్తాయి. నా లెక్కలో ద్రుపదుడి పురోహితుడు శాసనహరుడు, సంజయుడు పరిమితార్థుడు, కృష్ణుడు నిసృష్టార్థుడు. పద్యనాటకం రాయబారం సీనులో మనం ఎదురుచూసేది విశ్వరూపం కోసం. నన్ను పట్టి నిలిపేది దానికి ముందటి ముచ్చట. దుర్యోధనుడు భోజనానికి పిలిస్తే కృష్ణుడు వెళ్ళడు. పని నెరవేరాకే దూతలు విందులూ పూజలూ అందుకుంటారని చెప్పి విదురుడింట తింటాడు. పరాయివాడి ఉప్పు తిన్నాక అతని ముందు గట్టిగా మాట్లాడటం కష్టమన్నది అందులోని మర్మం. ఈనాటి భారత రాయబారికి విదేశంలో నిర్ణీత విలువ దాటిన కానుక వస్తే దాన్ని విదేశాంగ శాఖ కానుకల భండారమైన తోషాఖానాకు అప్పగించాలి. ఈ నియమమూ ఆ మర్మం మీదే నిలబడింది.

రాయబారి పని రాజుల మధ్య మంతనాలతో అయిపోదు. పరాయి తీరంలో చిక్కుకున్న తనవాళ్ళను చూసుకోవడమూ అందులో భాగమే. ఈ విషయంలో మన కోస్తా చాలా ముందే మేలుకుంది. తిక్కన వెళ్ళి కలిసిన ఆ గణపతిదేవుడే 1244లో చినగంజాం దగ్గరి మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. అంతకుముందు తుపానుకు ఒడ్డున పడిన ఓడల్లోని సరుకంతా రాజులు లాక్కునేవారు. అలా చేయననీ, న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోననీ ఆయన రాతి మీద చెక్కించాడు. ఆ సుంకం ముప్పైలో ఒకటో వంతు. తీరానికి కొట్టుకొచ్చిన పరదేశి నావికులను ఆదరించమని ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలూ చెప్పాడు. 1963లో వియన్నాలో దేశాలు రాసుకున్న కాన్సులర్ ఒప్పందం 37వ అధికరణం ప్రకారం, ఒక దేశపు ఓడ మరో దేశపు జలాల్లో మునిగినా మెట్టకెక్కినా దగ్గర్లోని ఓడ సొంత దేశపు కాన్సులేటుకు వెంటనే కబురు చేయాలి. కృష్ణపట్నంలో లంగరు వేసే ప్రతి విదేశీ ఓడకూ ఈ ధైర్యం ఉంది.

ఇప్పటి విదేశాంగ శాఖ మూలం ఈస్టిండియా కంపెనీ కాలంలో ఉంది. ‘రహస్య, రాజకీయ’ వ్యవహారాల కోసం ఒక విభాగం ఉండాలని 1783 సెప్టెంబరు 13న తీర్మానించారు. రహస్యం అన్న మాట పుట్టుకతోనే వచ్చింది. ఇండియన్ ఫారిన్ సర్వీసు ఏర్పడింది 1946లో. అక్టోబరు 9న దాని దినోత్సవం జరుపుతారు. ప్రవర్తన, క్రమశిక్షణ, నియామకాలు, పదోన్నతులు, జీతభత్యాల నియమాలు 1961లో వచ్చాయి.

కౌటిల్యుడి ఒంటరి నిద్ర భయం ఈ నియమాల్లోకి వేరే రూపంలో దూరింది. మహిళా అధికారి పెళ్ళికి ముందు ప్రభుత్వం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. పెళ్ళయ్యాక సంసార బాధ్యతలు పనికి అడ్డొస్తాయని ప్రభుత్వం అనుకుంటే రాజీనామా చేయమనగలిగేది. పెళ్ళయిన స్త్రీకి ఈ సర్వీసులో నియామకం హక్కు కాదని ఇంకో నియమం ఉండేది. మగవాళ్ళకు ఇవేవీ ఉండేవి కావు. కొడగు నుంచి వచ్చి, 1949లో ఈ సర్వీసులో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ. హంగరీలో రాయబారిగా పనిచేసిన ఆమెకు పదోన్నతి ఆపితే సుప్రీంకోర్టు మెట్లెక్కారు. కేసు నడుస్తుండగా ప్రభుత్వం పదోన్నతి ఇచ్చింది. అయినా 1979 తీర్పులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ నియమాలను గట్టిగా తప్పుపట్టారు. సంసారం పనికి అడ్డొస్తే మగవాడికీ అంతే అడ్డొస్తుంది కదా అన్నది ఆయన వాదం. సర్వీసు నియమాలన్నిటినీ సరిచూసి వివక్షను తుడిచేయమన్నారు. ఆ తర్వాత ముత్తమ్మ నెదర్లాండ్స్‌లో రాయబారిగా పనిచేశారు.

కృష్ణుడు దుర్యోధనుడి విందు కాదనుకోవడం తన మాట బలం కాపాడుకోవడానికి. ఆడమనిషి పెళ్ళికి అనుమతి చీటీ అడగడం తన మనిషినే తాను నమ్మకపోవడం. మొదటిది రాయబారికి రక్ష, రెండోది సంకెల. ఏడువందల ఏళ్ళకు ముందే ఒక కవిని నమ్మి ఓరుగల్లు పంపిన ఊరు మనది. నెల్లూరులో సివిల్స్‌కు తయారవుతున్న అమ్మాయిలూ అబ్బాయిలూ, సర్వీసుల వరుస రాసేటప్పుడు ఫారిన్ సర్వీసును కిందికి నెట్టకండి. ఇంటర్వ్యూకు బయల్దేరే ముందు తిక్కన ఉద్యోగపర్వం ఒకసారి చదవండి.